టోకెన్ అడ్వాన్సు తీసుకునే ముందు ఒక్క మాట



ఈ మధ్య ఇన్‌బాక్సులో మినుములో పల్లాకు తెగులు గురించి అడిగేవాళ్ల కంటే భూమి రేటు గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. "అన్నా, కాలవ కింద ఎకరంన్నర ఉంది, అమ్మేసి రాజధానిలో ప్లాటు తీసుకోమంటావా?" "బాబాయ్, ఆరు నెలల గడువుతో అగ్రిమెంటు రాయమంటున్నారు, రాయొచ్చా?" "రింగు రోడ్డు మా ఊరి మీదుగా వస్తుందంటున్నారు, ఆగమంటారా?" ఇవీ ప్రశ్నలు. ఒక్కొక్కరికీ విడిగా రాసే ఓపిక లేదు. అందుకని అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నా. పోస్టు పెద్దదే. పొలం పని అయ్యాక తీరిగ్గా చదువుకోండి.

ముందే చెప్తున్నా, ఇది పార్టీల పోస్టు కాదు. కామెంట్లలో ఆ గొడవ పెట్టొద్దు. నా లెక్క రైతు లెక్క.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఈ ప్రశ్న మా ఇంట్లోనూ ఉంది. మా నాన్న పోయాక పొలం పంపకాల్లో మా అక్కకి ఎకరం పది సెంట్లు వచ్చింది. నా చేను పక్కనే, ఒకే బోదె కింద. ఇన్నాళ్లూ నేనే చేసి కౌలు బస్తాల లెక్కన ఇస్తున్నా. ఇప్పుడు మేనకోడలికి సంబంధం చూస్తున్నారు. అక్క అమ్ముదామంటోంది. ఉగాదిలోపు ఏదో ఒకటి చెప్పమంది. ఆమె వాటా, ఆమె హక్కు. 1986లోనే మన రాష్ట్రం ఆడపిల్లలకి పిత్రార్జితంలో సమాన హక్కు ఇచ్చింది, అందులో నేను అడ్డుపడేది ఏమీ లేదు. కానీ ఎలా అమ్మాలి, ఎవరికి, ఏ కాగితం మీద అన్నది చెప్పాల్సిన బాధ్యత నాకుంది కదా. అందుకోసం నాలుగు నెలల నుంచి పాత దస్తావేజులూ చదివా, తెలిసిన లాయరు గారినీ అడిగా, కొంత చరిత్రా చదివా. ఆ చదివినదాంట్లో ఒక కథ నన్ను బాగా ఆశ్చర్యపరిచింది. అక్కడి నుంచే మొదలుపెడతా.

రాజధాని కోసం రైతుల దగ్గర భూములు తీసుకుని, కొంత భాగం ప్లాట్లుగా తిరిగిచ్చే పద్ధతి మన దగ్గరే పుట్టిందని చాలామంది అనుకుంటారు. అమెరికా రాజధాని వాషింగ్టన్ ఇంచుమించు ఇలాగే పుట్టింది. 1790లో వాళ్ల పార్లమెంటు పోటోమాక్ నది ఒడ్డున కొత్త రాజధాని కట్టుకుందామని చట్టం చేసింది. అప్పటికి అక్కడున్నవి పొగాకు చేలు, మొక్కజొన్న చేలు, కాస్త అడవి, చిన్నచిన్న రేవు ఊళ్లు. కొత్త ప్రభుత్వం దగ్గర డబ్బుల్లేవు. స్వాతంత్ర్య యుద్ధం అప్పులు తీరలేదు. అప్పుడు అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ స్వయంగా అక్కడి భూయజమానులను కూర్చోబెట్టి మాట్లాడాడు. 1791 మార్చి నెలాఖరులో ఒప్పందం కుదిరింది.

షరతులు వినండి. రోడ్లకు పోయే భూమికి పైసా ఇవ్వరు. ప్రభుత్వ భవనాలకు, పార్కులకు తీసుకునే భూమికి ఎకరానికి 25 పౌన్లు. మిగతాదంతా ప్లాట్లు వేసి సగం యజమానికి, సగం ప్రభుత్వానికి. ప్రభుత్వం తన సగం అమ్ముకుని ఆ డబ్బుతో రాజధాని కడుతుంది. యజమాని తన సగం అమ్ముకుని ధనవంతుడవుతాడు. ఎక్కడో విన్నట్టు లేదూ?

మన దగ్గర 2014 డిసెంబరులో సీఆర్డీఏ చట్టం వచ్చింది, 2015 జనవరి నుంచి భూసమీకరణ మొదలైంది. మెట్ట ఎకరానికి 1000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబు అయితే 1000, 450. ఎకరం అంటే 4840 గజాలు. అంటే మెట్టకి పావు వంతు పైచిలుకు, జరీబుకి 30 శాతం దాకా తిరిగొస్తుంది. దాంతోపాటు పదేళ్లు కౌలు, మెట్టకి ఏడాదికి 30 వేలు, జరీబుకి 50 వేలు, ఏటా కొంత పెంపు. సుమారు 29 వేల మంది రైతులు 34 వేల ఎకరాలు ఇచ్చారు. పెనుమాక, ఉండవల్లి వైపు కొందరు ఇవ్వమన్నారు. వాళ్లవి కృష్ణ ఒడ్డు జరీబు భూములు, కాస్త లోతులోనే నీళ్లు, ఏడాది పొడుగునా కూరగాయలు, పూలు, అరటి. వాళ్ల లెక్క వాళ్లది. ఇచ్చినవాళ్ల లెక్క వాళ్లది. రెండూ రైతు లెక్కలే, ఒకళ్లని తెలివైనవాళ్లని, ఇంకొకళ్లని తెలివితక్కువవాళ్లని నేను అనను.

మళ్లీ వాషింగ్టన్‌కి వద్దాం. ఒప్పందం అయింది, ప్లాన్ గీయించారు, 1791 అక్టోబరులో మొదటి వేలం పెట్టారు. అధ్యక్షుడే వచ్చినా ప్లాట్లు కొన్నే పోయాయి. తర్వాతి వేలాలూ అంతే. కట్టడానికి డబ్బు కావాలి, కొనేవాడు లేడు. అప్పుడు దిగారు ముగ్గురు పెద్దమనుషులు. రాబర్ట్ మోరిస్, జాన్ నికల్సన్, జేమ్స్ గ్రీన్‌లీఫ్. ఇందులో మోరిస్ అంటే ఆషామాషీ మనిషి కాదు. స్వాతంత్ర్య యుద్ధానికి డబ్బు సర్దినవాడు, స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాడు. ఆ దేశంలో అతని చీటీ అంటే నగదు కిందే లెక్క.

1793లో ఈ ముగ్గురూ 6000 ప్లాట్లు, ఒక్కోటి 80 డాలర్ల చొప్పున బేరం ఆడారు. డబ్బు మొత్తం ఇవ్వలేదు. ఏడేళ్ల వాయిదాలు, వడ్డీ లేదు, ఏటా ఇన్ని ఇళ్లు కడతామని షరతు. వాళ్ల ఆలోచన ఏంటంటే, హాలెండు బ్యాంకర్ల దగ్గర అప్పు తెచ్చి వాయిదాలు కడతాం, ఈలోపు రేటు పెరుగుతుంది, పెరిగిన రేటుకి కొన్ని అమ్మి మిగతావి మిగుల్చుకుంటాం. అంటే చేతిలో ఉన్నది టోకెన్ అడ్వాన్సే! రెండొందల ముప్పై ఏళ్ల కిందటి టోకెన్ అడ్వాన్సు.

అదొక్కటేనా అంటే కాదు. 1795లో ఇదే ముగ్గురూ ఒక భూముల కంపెనీ పెట్టి, పెన్సిల్వేనియా నుంచి జార్జియా దాకా 60 లక్షల ఎకరాలు కాగితాల మీద కూడబెట్టి షేర్లు అమ్మబోయారు. అదే ఏడాది ఫ్రెంచి సైన్యాలు హాలెండులోకి వచ్చాయి, అప్పు ఆగిపోయింది. యూరపు నుంచి కొనేవాళ్లు రాలేదు. ఒకరి చీటీకి ఇంకొకరు జామీను పెట్టుకుంటూ ముగ్గురూ కొన్నాళ్లు లాగారు. చివరికి అప్పులవాళ్లు తలుపు కొట్టారు. 1798 ఫిబ్రవరిలో మోరిస్‌ని ఫిలడెల్ఫియాలో అప్పుల జైల్లో పెట్టారు. దేశం యుద్ధానికి డబ్బు సర్దినవాడు మూడున్నరేళ్లు జైల్లో కూర్చున్నాడు. నికల్సన్ జైల్లో ఉండగానే 1800లో చనిపోయాడు. అదే ఏడాది నవంబరులో ప్రభుత్వం కొత్త రాజధానికి మారింది. వచ్చి చూస్తే సగం కట్టిన భవనం, బురద రోడ్లు, ఎక్కడో ఒక ఇల్లు. ఆ ఊరు ఊరులా కనపడ్డానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఈ కథలో నాకు పట్టుకున్న సంగతి ఇదీ. రాజధాని రావడం అబద్ధం కాదు. వచ్చింది. ఇవాళ ప్రపంచంలో పెద్ద రాజధాని అది. ఊరు పెరుగుతుందన్న అంచనా కూడా నిజమే. కానీ ఎంత కాలానికి అన్నది తప్పింది. వాయిదా ఏడేళ్లకి, ఊరు పెరగడానికి యాభై ఏళ్లు. మధ్యలో ఉన్నవాడు మునిగాడు.

ఇప్పుడు మన సంగతి. 2014 వేసవి గుర్తుందా? రాష్ట్రం విడిపోయింది, రాజధాని ఎక్కడో తెలీదు. నూజివీడు అని ఒక మాట పుట్టింది. అంతే. ఆగిరిపల్లి, నూజివీడు, హనుమాన్ జంక్షన్ రోడ్డు మీద మామిడి తోటల దగ్గర కార్లు ఆగడం మొదలైంది. టీ కొట్టులో కూర్చుంటే పక్క బల్ల మీద లక్షల్లో మాటలు. సెప్టెంబరు 4న అసెంబ్లీలో రాజధాని విజయవాడ పరిసరాల్లో అని చెప్పారు, తర్వాత తుళ్లూరు వైపు అని తేలింది. కార్లన్నీ ప్రకాశం బ్యారేజీ దాటి అవతలికి వెళ్లిపోయాయి. ఇవతల అడ్వాన్సులిచ్చినవాళ్లలో కొంతమంది ఫోన్లు ఎత్తడం మానేశారు. శివరామకృష్ణన్ కమిటీ ఆ ఆగస్టులోనే మంచి పంట భూముల మీద రాజధాని భారం వేయొద్దన్నట్టు నివేదిక ఇచ్చింది. దాన్ని ఎవరు చదివారు లెండి.

తర్వాత సంగతి మీకు తెలుసు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన. ఆ మర్నాటి నుంచే రైతుల శిబిరాలు. 2021 నవంబరులో తుళ్లూరు నుంచి తిరుమల దాకా నడక. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు. 2024లో మళ్లీ ప్రభుత్వం మారడం, 2025 మే 2న పనులు మళ్లీ మొదలుపెట్టడం. పదేళ్లు. 2015లో నలభై ఏళ్లున్న రైతుకి యాభై వచ్చాయి. అరవై ఏళ్లున్న రైతు కొంతమంది ఆ ప్లాటు మీద ఇల్లు చూడకుండానే పోయారు. కౌలు సకాలంలో పడక కోర్టుకెళ్లిన సందర్భాలూ ఉన్నాయి.

ఇక్కడ అమెరికా నుంచే ఇంకో కథ చెప్పాలి, ఎందుకంటే మనకి అక్షరాలా సంబంధించింది. 1795 జనవరిలో జార్జియా రాష్ట్ర శాసనసభ పడమటి వైపు యాజూ భూములు అనే మూడున్నర కోట్ల ఎకరాలను నాలుగు కంపెనీలకు 5 లక్షల డాలర్లకి అమ్మేసింది. ఎకరం ఒకటిన్నర సెంట్లు. సెంట్లంటే మన భూమి సెంట్లు కాదండీ, డాలరులో నూరో వంతు! ఓటేసిన సభ్యుల్లో దాదాపు అందరికీ ఆ కంపెనీల్లో వాటాలున్నాయని బయటపడింది. జనం మండిపడ్డారు, ఎన్నికల్లో సభ మారింది, 1796లో కొత్త సభ ఆ అమ్మకాన్ని రద్దు చేసి, చట్టం కాగితాన్ని బహిరంగంగా తగలబెట్టింది. బాగానే ఉంది. కానీ ఈలోపు కంపెనీలు ఆ కాగితాలను దూరాన మసాచుసెట్స్ వైపు మధ్యతరగతి వాళ్లకి అమ్మేసుకున్నాయి. వాళ్లు నిజంగా డబ్బు పెట్టి కొన్నారు. ఇప్పుడు వాళ్ల గతేంటి?

ఆ కేసు 1810లో వాళ్ల సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఫ్లెచర్, పెక్ అనే ఇద్దరి మధ్య వ్యాజ్యం. ఒక సభ చేసిన అమ్మకం కూడా ఒప్పందమే, లంచం సంగతి తెలియకుండా తర్వాత కొన్నవాడి హక్కును ఇంకో సభ వచ్చి తీసేయడానికి లేదు అని కోర్టు చెప్పింది. ఆ తర్వాత కూడా వాళ్లకి భూమి రాలేదు, 1814లో కేంద్రం పరిహారం ఇచ్చి వదిలించుకుంది. పందొమ్మిదేళ్లు. ఇంకోటి మర్చిపోకూడదు. ఆ భూముల మీద క్రీక్, చోక్టా, చికసా జాతుల వాళ్లు తరాలుగా బతుకుతున్నారు. వాళ్లని ఎవరూ అడగలేదు. అమ్మినవాడు చూడలేదు, కొన్నవాడు చూడలేదు, ఉన్నవాడు సంతకం పెట్టలేదు.

మన హైకోర్టు 2022లో చెప్పిన తీర్పులో ఇదే ప్రశ్న ఉంది. ఒక ప్రభుత్వం రైతుతో చేసుకున్న ఒప్పందాన్ని తర్వాతి ప్రభుత్వం పక్కన పెట్టొచ్చా? కుదరదంది. గడువు పెట్టి ప్లాట్లు అభివృద్ధి చేసి ఇవ్వమంది. గడువుల మీద సుప్రీంకోర్టు అదే ఏడాది నవంబరులో స్టే ఇచ్చింది. దీన్నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటే. కాగితం గట్టిదైతే కోర్టులో నిలబడుతుంది, నిజమే. కానీ కోర్టులో నిలబడ్డానికీ మన చేతికి రావడానికీ మధ్య ఏళ్లు పడతాయి. ఆ ఏళ్లు తట్టుకునే శక్తి ఉన్నవాడే కాగితం మీద బతకాలి. ఎకరం, రెండెకరాల రైతుకి ఆ శక్తి ఉందా?

సరే, రాజధానిలో భూమి ఇచ్చినవాళ్ల సంగతి వేరు, వాళ్లు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నారు. నా భయం ఇప్పుడు మన డెల్టా ఊళ్లలో నడుస్తున్న అగ్రిమెంట్ల గురించి. విజయవాడ, గుంటూరు చుట్టూ సుమారు 190 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు అన్నాక ఐదు జిల్లాల్లో ప్రతి ఊళ్లోనూ ఒక సెల్‌ఫోన్ మ్యాపు తిరుగుతోంది. ఎవడు గీశాడో తెలీదు. మీ ఊరి పక్క నుంచే గీత ఉంటుంది!

పద్ధతి ఎలా నడుస్తుందో తెలియనివాళ్ల కోసం ఒక లెక్క చెప్తా. అంకెలు ఊరికే ఉదాహరణకి. మీ ఎకరం కోటి రూపాయలకి బేరం అనుకుందాం. ఒకాయన వచ్చి 5 లక్షలు అడ్వాన్సిచ్చి, ఆరు నెలల గడువుతో అగ్రిమెంటు రాయించుకున్నాడు. ఆయన దాన్ని రిజిస్టరు చేయించుకోడు. కోటీ పదిహేను లక్షలకి ఇంకొకాయనకి చెప్పి 10 లక్షలు అడ్వాన్సు తీసుకున్నాడు. పెట్టిన 5 పోను అప్పుడే 5 మిగిలాయి. రెండో ఆయన కోటీ ముప్పైకి మూడో ఆయనకి. ఇలా నలుగురు, ఐదుగురు. పైకి మాత్రం "ఆ ఊళ్లో ఎకరం కోటిన్నర పలుకుతోంది" అని పేరు. నిజంగా కోటిన్నర తెచ్చి బల్ల మీద పెట్టినవాడు ఒక్కడూ లేడు. అందరి చేతులు కలిపినా తిరిగింది 40, 50 లక్షల అడ్వాన్సులే.

గొలుసులో చివరివాడికి డబ్బు అందితే అందరూ నవ్వుకుంటారు. అందకపోతే? గొలుసు మొత్తం ఆగుతుంది. రైతు దగ్గర 5 లక్షలున్నాయి, అవి ఎప్పుడో ఖర్చయ్యాయి. భూమి మీద అగ్రిమెంటు ఉంది. ఇంకొకరికి అమ్మబోతే మొదటాయన కోర్టుకెళ్లి ఇంజంక్షన్ తెస్తాడు. ఒప్పందం అమలు చేయమని దావా వేయడానికి చట్టం మూడేళ్లు టైమిచ్చింది. వేశాక ఎన్నేళ్లో దేవుడికే తెలుసు.

మా బాబాయికి ఇదే జరిగింది, ఇప్పుడూ జరుగుతోంది. మా బోదె మీదే ఆయనకి రెండెకరాలు. ఏడాది పైన రెండు నెలలైంది అగ్రిమెంటు రాసి. ఎవరన్నది ఇక్కడ రాయను, రాయడం వల్ల ఉపయోగం లేదు. గడువు రెండుసార్లు పొడిగించారు. "భూమి ఖాళీగా ఉంటే పార్టీకి చూపించడానికి బాగుంటుంది" అని చెప్పి కౌలు రైతుని లేపించారు. ఆ కౌలు రైతు పదకొండేళ్లు ఆ చేను చేశాడు. ఏ మూల నీళ్లు నిలుస్తాయో, ఎక్కడ చౌడు తేలుతుందో బాబాయి కంటే ఆయనకే బాగా తెలుసు. ఆయనకి చేతిలో కాగితం లేదు. పంట సాగుదారు హక్కు కార్డు కావాలంటే యజమాని సంతకం కావాలి, బాబాయి ఎప్పుడూ పెట్టలేదు. పెడితే భూమి పోతుందేమోనని భయం. ఇప్పుడు ఆ రెండెకరాల్లో సార్వా లేదు, మినుము లేదు. తుంగ మొలిచింది. అక్కడి ఎలకలు నా చేలోకి వస్తున్నాయి. బోదె పూడిక తీయిద్దామంటే అటు వంతు డబ్బులిచ్చేవాడు లేడు. ఒక్క అగ్రిమెంటుతో కింద తొమ్మిది మంది రైతులకి నీళ్లు ఆలస్యమవుతున్నాయి.

వాషింగ్టన్ ఒప్పందంలో కూడా సంతకాలు పెట్టింది యజమానులే. ఆ పొగాకు చేలల్లో పని చేసింది బానిసలు. వాళ్లకి ప్లాట్లూ లేవు, పౌన్లూ లేవు. తర్వాత ఆ భవనాల రాళ్లు మోసిందీ వాళ్లలాంటివాళ్లే. మన దగ్గర అంత ఘోరం లేదు, ఒప్పుకుంటా. రాజధానిలో భూమిలేని కుటుంబాలకి నెలకి 2500 పెన్షన్ పెట్టారు కూడా. కానీ డెల్టాలో ప్రైవేటు అగ్రిమెంట్లలో కౌలు రైతుకి, కలుపు తీసే ఆడవాళ్లకి ఎవరు పెన్షన్ ఇస్తారు?

ఇదంతా చదివి "అయితే భూమి అమ్మి వేరే చోట కొనడమే తప్పంటావా?" అని అడుగుతారు. అననండి. మన డెల్టా వాళ్లకి ఆ పని తాతల నాటి నుంచి అలవాటే. నిజాం సాగర్ 1931లో పూర్తయింది, కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల నుంచి ఇక్కడ ఎకరం అమ్మి అక్కడ బోధన్, వర్ని వైపు ఎన్నో రెట్లు కొన్నారు. 1953లో తుంగభద్ర నీళ్లు వదిలారు, గంగావతి, సింధనూరు, మాన్వి వైపు వెళ్లి క్యాంపులు కట్టుకున్నారు. ఇప్పటికీ వాటిని క్యాంపులనే అంటారు. మా పెద్దమ్మ వాళ్లు అలాగే వెళ్లారు. వెళ్లినప్పుడు రేగడి నేల, తుమ్మ చెట్లు, పాములు. గుడిసె వేసుకుని, గట్లు కట్టి, మడులు చదును చేసి వరి పండించారు. ఆ భూమి రేటు పెరిగిందంటే నీళ్లొచ్చాయి, వీళ్ల చెమట పడింది. అక్కడ చవగ్గా అమ్ముకున్న స్థానిక రైతులు తర్వాత బాధపడ్డారన్నదీ నిజమే, అది కూడా చెప్పుకోవాలి. కానీ క్యాంపుకి వెళ్లినవాడు కొన్న భూమి మీద నిలబడ్డాడు. ధర పడిపోయినా అన్నం పండింది. అగ్రిమెంటు చేతులు మారేవాడికి ధర పడితే మిగిలేది కాగితమే.

అందుకని అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి. నేను లాయర్ని కాను, తెలిసిన లాయరు గారు చెప్పింది, నేను చూసింది కలిపి రాస్తున్నా.

మొదటిది, అమ్మేవాళ్లకి. అగ్రిమెంటు రాస్తే రిజిస్టరు చేయించండి. గడువు తేదీ, వాయిదాల తేదీలు, కట్టకపోతే అగ్రిమెంటు రద్దు, అడ్వాన్సు ఏమవుతుంది అన్నీ స్పష్టంగా రాయించండి. ఆయన హక్కును ఇంకొకరికి మార్చడానికి మీ రాతపూర్వక ఒప్పుదల కావాలని ఒక్క వాక్యం రాయించండి. ఆ ఒక్క వాక్యానికి సగం మంది లేచి వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి, మంచిదే. పూర్తి డబ్బు ముట్టేదాకా స్వాధీనం మీదే, సాగు మీదే అని రాయించండి. జీపీఏ మాత్రం పెట్టొద్దు.

రెండోది, కొనేవాళ్లకి. జీపీఏ, అన్‌రిజిస్టర్డ్ అగ్రిమెంటు మీద యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, అడంగల్, 1బీ చూడండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం ప్రకారం అమ్మకం మీద ఆంక్షలున్నాయి. "ఎలాగూ ప్రభుత్వం ఊరికే తీసుకుంటుంది, వచ్చినకాడికి అమ్ముకో" అని పేదవాళ్లని భయపెట్టి అసైన్డ్ భూములు తక్కువకి కొన్నారన్న ఆరోపణల మీద రాజధానిలో కేసులే నడిచాయి. అలాంటి భూమి చవగ్గా వచ్చిందని సంబరపడితే రేపు డబ్బూ పోతుంది, పాపమూ మిగులుతుంది. ప్లాటు అయితే లేఅవుటు అనుమతి నంబరు, రెరా నంబరు అడగండి. బ్రోచరులో గుర్రపు బండి బొమ్మ చూసి కొనొద్దు.

మూడోది, భూమిని వానాకాలంలో చూడండి. ఎండాకాలంలో ఏ పల్లపు భూమైనా మైదానంలానే ఉంటుంది. 2024 సెప్టెంబరు 1న సింగ్ నగర్ ఏమైందో చూశాం. బుడమేరు తన దారి మర్చిపోలేదు. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. ఊళ్లో ముసలాయన్ని ఒక్కర్ని పట్టుకుని "తాతా, వరదొస్తే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి?" అని అడగండి. ఏ సైటు ఇంజనీరూ చెప్పని సంగతి ఆయన చెప్తాడు.

నాలుగోది అందరికీ. అమ్మితే ఎందుకు అమ్ముతున్నారో ఆ అవసరానికి సరిపడా అమ్మండి. పిల్ల పెళ్లికి, చదువుకి, వైద్యానికి అమ్మడం తప్పు కాదు, భూమి ఉన్నదే అందుకు. కానీ రేటు పెరిగిందన్న ఒక్క కారణానికి అమ్మి, ఆ డబ్బుతో ఇంకో అగ్రిమెంటులో దిగడం మాత్రం మోరిస్ దారి. అంతటివాడే తట్టుకోలేకపోయాడు.

నా చేను లెక్క కూడా చెప్తా, దాపరికం ఎందుకు. మంచి ఏడాది ఎకరానికి 32, 33 బస్తాలు. మినుము బాగుంటే నాలుగైదు బస్తాలు. ఖర్చులు పోను మిగిలేది, ఇప్పుడు చెప్పే భూమి రేటుకి బ్యాంకు వడ్డీలో నాలుగో వంతు కూడా రాదు. మా అబ్బాయి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాడు. నేను కాదనలేకపోయా. లెక్క సరైందే. వ్యవసాయం లాభం కాబట్టి భూమి ఉంచుకోమని ఎవరికైనా చెప్తే అబద్ధం చెప్పినట్టు. నేను ఉంచుకుంటున్నది నాకు వేరే పని రాదు కాబట్టి, ఈ కాలవకి నీళ్లొచ్చినన్నాళ్లు తిండికి లోటుండదు కాబట్టి, 1855లో ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ మడి ఎండిన ఏళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు కాబట్టి. మీ పరిస్థితి వేరు కావచ్చు.

అక్కకి చెప్పబోయేది ఇదీ. అమ్ముదాం, కానీ అగ్రిమెంటు మీద కాదు. పూర్తి డబ్బు ఒకేసారి ఇచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకునేవాడికి, రేటు పది లక్షలు తక్కువైనా సరే. మొదట అడగాల్సింది సాగు చేసేవాడిని, బోదె కింద రైతుల్లో ఎవరైనా కొంటారేమోనని. ఎవరూ లేకపోతే బయటివాళ్లు. పెళ్లికి ఎంత కావాలో అంతకి 60 సెంట్లు చాలితే 60 సెంట్లే అమ్ముదాం, మిగతా 50 సెంట్లు ఆమె పేరునే ఉండనిద్దాం. ఆమె ఒప్పుకుంటుందో లేదో తెలీదు. బావకి ఎక్కువ రేటు చెప్పినవాళ్లు ఇద్దరున్నారు, ఇద్దరివీ అగ్రిమెంటు బేరాలే. ఆయన మనసు అటు లాగుతోంది. ఈ పోస్టు ఆయన కూడా చదువుతాడని తెలుసు. చదవాలనే రాశా.

బాబాయి కౌలు రైతుకి ఈ సార్వాకి నా చేలో ఎకరం ఇస్తున్నా. కార్డు మీద సంతకం కూడా పెడతా. పదకొండు నెలల కార్డుకి ఎవరి భూమీ పోదు, చట్టంలోనే ఆ మాట ఉంది. మీలో భూమి కౌలుకిచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే ఆ సంతకం పెట్టండి. ఖర్చు లేని పని.

మీ ఊళ్లో అగ్రిమెంటు గడువు దాటి ఆగిపోయిన భూములు ఎన్ని ఎకరాలున్నాయో, వాటిలో ఎన్ని సాగులో ఉన్నాయో కామెంట్లో రాయండి. పేర్లు వద్దు, ఊరు, ఎకరాలు చాలు. సర్వే నంబర్లు ఇక్కడ పెట్టొద్దు.

రేపటి పోస్టు మళ్లీ మినుము గురించే. పల్లాకు తెగులుకి అడిగినవాళ్లు ఆకు ఫొటో వెలుతురులో, వెనక వైపు కూడా తీసి పంపండి.